వైరు కొనకముందే వేసుకోవలసిన లెక్క

కొత్త ఇల్లు కట్టుకునే కుటుంబం ఇటుకకు, సిమెంటుకు, ఇనుముకు ముందుగానే లెక్క వేసుకుంటుంది. మేస్త్రీని కూర్చోబెట్టి, ఎన్ని బస్తాలు, ఎన్ని ట్రిప్పుల ఇసుక అని నాలుగుసార్లు అడిగి, కాగితం మీద రాసుకుంటుంది. కాని అదే కుటుంబం ఇరవై, ముప్పై ఏళ్ల నాటి ఇంటికి కరెంటు వైరింగు మార్చవలసి వచ్చినప్పుడు కాగితమూ కలమూ ముట్టుకోదు. "ఎర్రది రెండు చుట్టలు, నల్లది రెండు చుట్టలు తెచ్చి పెట్టండి, మిగతాది తరువాత చూద్దాం" అన్న మాటతోనే పని మొదలవుతుంది.

ఆ "తరువాత" అన్నది సాధారణంగా పని సగంలో ఉండగా వస్తుంది. గోడలు చీల్చి ఉంటాయి. ఇంట్లో దీపం ఉండదు. తెచ్చిన వైరు అయిపోతుంది. కొమరోలులో దొరకని సామాను కోసం గిద్దలూరుకు బస్సెక్కాలి. పనివానికి ఆ పూట కూలి వృథా. దాచుకున్న డబ్బు అప్పటికే ఖర్చయి ఉంటుంది. అప్పుడు దేనిని తగ్గిద్దామా అని అందరూ చుట్టూ చూస్తారు. లైటు తగ్గించడానికి ఎవరూ ఒప్పుకోరు, ఫ్యాను తగ్గించడానికి అంతకన్నా ఒప్పుకోరు. చివరకు వేటు పడేది పచ్చ వైరు మీద, అనగా ఎర్త్ వైరు మీద. అది లేకపోయినా లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, ఫ్రిజ్జు చల్లబడుతుంది. కొరత ఎవరికీ కనిపించదు. ఏదో ఒకనాడు తడి చేతితో ఫ్రిజ్జు తలుపు పట్టుకున్న తల్లికో, కూలరు పక్కన ఆడుకుంటున్న బిడ్డకో ఆ కొరత తెలిసివస్తుంది.

గనుక ప్రియ పాఠకులారా, వైరింగుకు లెక్క వేసుకోవడమంటే డబ్బు మిగుల్చుకోవడం మాత్రమే కాదు. ఇంట్లోవాళ్ల ప్రాణాన్ని కాపాడే సామానును కోతకు గురికాకుండా చూసుకోవడం. ఈ లెక్కకు పెద్ద చదువు అవసరం లేదు. కూడికలు, గుణకారాలు వస్తే చాలు. టేపు పట్టుకోగలిగిన పిల్లవాడు ఒకడు తోడుంటే ఒక సాయంత్రంలో అయిపోతుంది.

ఒక్క బల్బు నాటి వైరింగు

మన ప్రాంతపు ఇళ్లలో వైరింగు ఇంత బలహీనంగా ఎందుకుందో మొదట తెలుసుకోవాలి. 1988-89లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన కుటీర జ్యోతి పథకం పేద కుటుంబాలకు ఒక్క లైటు కనెక్షను ఇచ్చేది. 2005లో వచ్చిన రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ పథకం కిందా ఎన్నో ఇళ్లకు కరెంటు వచ్చింది. అవి మంచి పథకాలే. చీకటి ఇళ్లకు వెలుగు తెచ్చాయి. అయితే ఆనాడు ఒక్క బల్బు కోసం లాగిన వైరుకే తరువాత ఫ్యాను తగిలించారు. దానికే టీవీ, దానికే మిక్సీ, దానికే ఫ్రిజ్జు, వేసవి వస్తే దానికే కూలరు. కుటుంబం పెరిగినకొద్దీ సామాను పెరిగింది కాని వైరు లావు పెరగలేదు.

అంతకన్నా పాత ఇళ్లలో చెక్క బద్దెల మీద మేకులు కొట్టి పరచిన వైరింగు ఇప్పటికీ కనబడుతుంది. ఆ రోజుల్లో చాలా చోట్ల అల్యూమినియం వైరు వాడారు. అదే లావు రాగి వైరు మోసేటంత కరెంటు అల్యూమినియం మోయలేదు. పైగా మర బిగింపుల దగ్గర కాలక్రమేణా వదులవుతుంది, వదులైన చోట వేడెక్కుతుంది.

మీ ఇంట్లో ఈ గుర్తులు ఉన్నాయేమో చూడండి. స్విచ్చి బోర్డు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుందా? మిక్సీ వేయగానే లైటు మసకబారుతుందా? ప్లగ్గు చుట్టూ నల్లని మసి ఉందా? కాలిన వాసన వస్తుందా? ఫ్రిజ్జు, కూలరు, వాటర్ మోటారు ముట్టుకుంటే జివ్వుమంటుందా? ఫ్యూజులో సన్నని తీగ నిలవడం లేదని లావు తీగ చుట్టారా? వీటిలో ఒక్కటి ఉన్నా పరీక్ష చేయించవలసిందే. జివ్వుమనడాన్ని "చిన్న షాకే కదా" అని తీసేయకండి. కాలికి చెప్పు ఉన్నందువల్ల అది చిన్నదయింది. నేల తడిగా ఉన్న రోజున అదే షాకు చిన్నదిగా ఉండదు.

మొదటి మెట్టు: పాయింట్ల లెక్క

ఒక తెల్లకాగితం మీద మీ ఇంటి నమూనా గీయండి. అందంగా ఉండనక్కరలేదు. గదులు, తలుపులు, కిటికీలు ఎక్కడున్నాయో తెలిస్తే చాలు. తరువాత ప్రతి గదిలోకి వెళ్లి లైటు ఎక్కడ, ఫ్యాను ఎక్కడ, ప్లగ్గు ఎక్కడ కావాలో గుర్తు పెట్టండి. ఈ పనికి ఇంటి యజమాని ఒక్కడే కూర్చోకూడదు. మిక్సీ ఎక్కడ పెట్టుకుంటే సులువో వంట చేసే ఇల్లాలికి తెలుసు. లైటు ఏ వైపు నుండి పడితే పుస్తకం కనబడుతుందో చదువుకునే పిల్లలకు తెలుసు. రాత్రి లేచి మరుగుదొడ్డికి వెళ్లే అవ్వకు స్విచ్చి ఎక్కడ అందాలో ఆమెనే అడగాలి.

ఉదాహరణకు ఒక ఇల్లు అనుకుందాం. ముందు వరండా, తరువాత హాలు, పక్కన పడకగది, వెనుక వంటగది, ఆ వెనుక స్నానాల గది, మరుగుదొడ్డి. మన పల్లెల్లో ఇలాంటి ఇళ్లు వీధికి నాలుగు ఉంటాయి. దీనికి పాయింట్లు ఇలా రాసుకుందాం.

లైట్లు: వరండా 1, ఇంటి ముందు బయట 1, హాలు 2, పడకగది 1, వంటగది 1, స్నానాల గది 1, మరుగుదొడ్డి 1. మొత్తం 8.
ఫ్యాన్లు: వరండా 1, హాలు 1, పడకగది 1. మొత్తం 3.
చిన్న ప్లగ్గులు: హాలు 2, పడకగది 1, వంటగది 1. మొత్తం 4.
పెద్ద ప్లగ్గులు, అనగా పవర్ పాయింట్లు: వంటగదిలో 1, ఫ్రిజ్జుకు 1, నీళ్ల మోటారుకు 1. మొత్తం 3.

రెండవ మెట్టు: బరువు లెక్క

ఎడ్లబండికి ఎంత బరువు ఎత్తాలో తెలియకుండా ఇరుసు చేయించరు. వైరు కూడా అంతే. వైరింగు లెక్కల్లో వాడుకగా వస్తున్న పద్ధతి ఒకటి ఉంది. ఒక్కో లైటుకు 60 వాట్లు, ఫ్యానుకు 60, చిన్న ప్లగ్గుకు 100, పవర్ ప్లగ్గుకు 1000 వాట్లు వేసుకుంటారు. "ఇప్పుడు ఎల్ఈడీ బల్బు 9 వాట్లే కదా?" అని అడగవచ్చు. నిజమే. కాని వైరు గోడలో ముప్పై ఏళ్లు ఉండాలి. రేపు ఆ హోల్డరుకు ఏమి తగిలిస్తారో ఎవరికి తెలుసు? లెక్క కొంచెం బరువుగా వేసుకోవడమే మేలు.

మన ఇంటికి 8 లైట్లు 480 వాట్లు, 3 ఫ్యాన్లు 180, 4 చిన్న ప్లగ్గులు 400. కలిపితే 1060 వాట్లు. 3 పవర్ ప్లగ్గులు 3000 వాట్లు. మొత్తం 4060 వాట్లు. దీనిని మన ఇంటికి వచ్చే 230 వోల్టులతో భాగిస్తే అన్నీ ఒకేసారి నడిచినప్పుడు సుమారు 17.6 ఆంపియర్ల కరెంటు పారుతుంది. అన్నీ ఒకేసారి నడవవు కాని మెయిన్ వైరు ఆ బరువుకు తట్టుకునేదిగా ఉండాలి.

ఇక్కడే మీ కరెంటు బిల్లు ఒకటి తీసి చూడండి. అందులో కాంట్రాక్టెడ్ లోడు అని ఉంటుంది. ఇంట్లో సామాను పెరిగి ఆ అంకె పాతదే ఉంటే, లోడు పెంచమని సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. మన ప్రాంతం 2020 వరకు తిరుపతి కేంద్రంగా గల విద్యుత్ పంపిణీ సంస్థ కింద ఉండి, ఆ సంవత్సరం నుండి విజయవాడ కేంద్రంగా ఏర్పడిన సంస్థ కిందికి వచ్చింది. కరెంటు ఫిర్యాదులకు పిలవవలసిన నంబరు 1912. మీటరుకు, దాని సీలుకు, స్తంభం నుండి మీటరు దాకా ఉన్న సర్వీసు వైరుకు మనం చెయ్యి తగిలించకూడదు. అది శాఖవారి పని.

మూడవ మెట్టు: దారులు విడదీయడం

ఇల్లంతటినీ ఒకే వైరు మీద నడపకూడదు. ఒక లైట్ల దారిలో 10 పాయింట్లకు గాని, 800 వాట్లకు గాని మించకూడదని చాలాకాలంగా వస్తున్న నియమం. మన ఇంటికి లైట్లు, ఫ్యాన్లు, చిన్న ప్లగ్గులు కలిపి 15 పాయింట్లు, 1060 వాట్లు. గనుక రెండు దారులు కావాలి. హాలు, వరండా, బయటి లైటు ఒక దారి: 8 పాయింట్లు, 560 వాట్లు. పడకగది, వంటగది, స్నానాల గది, మరుగుదొడ్డి రెండవ దారి: 7 పాయింట్లు, 500 వాట్లు. పవర్ ప్లగ్గులకు వేరే దారులు. వంటగది ప్లగ్గు, ఫ్రిజ్జు ఒక దారి, మోటారు మరొక దారి. ఇలా విడదీస్తే వంటగదిలో ఏదైనా కాలినా హాలులో దీపం ఆరిపోదు. ముందుముందు ఏసీగాని, నీళ్లు కాచే గీజరుగాని పెట్టుకునే ఆలోచన ఉంటే దానికి ఇప్పుడే మరొక దారి రాసుకోండి.

ఏ దారికి ఏ వైరు? లైట్ల దారికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. పవర్ దారికి 2.5. మీటరు నుండి ఇంట్లోని మెయిన్ పెట్టె వరకు 4. పాతకాలపు పనివారు 1/18, 3/20, 7/20 అని అడుగుతారు. మొదటి అంకె తీగల సంఖ్య, రెండవది తీగ గేజి. గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. లెక్క కడితే 1/18 సుమారు 1.2 చదరపు మిల్లీమీటర్లు, 3/20 సుమారు 2, 7/20 సుమారు 4.6 అవుతాయి. అంటే 3/20 అడిగితే 2.5 కన్నా సన్నని వైరు రావచ్చు. అందుకని చీటీ మీద ఎప్పుడూ చదరపు మిల్లీమీటర్లే రాయండి. దుకాణంలో దానినే ఒకటిన్నర ఎంఎం, రెండున్నర ఎంఎం అంటారు.

నాలుగవ మెట్టు: టేపు పట్టి కొలవడం

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. గది పొడవు, వెడల్పు కొలిచి వైరు లెక్క కడతారు. వైరు ఒక మూల నుండి మరొక మూలకు గాలిలో పోదు. బోర్డు నుండి గోడ వెంట పైకెక్కి, కప్పు కింద అడ్డంగా నడిచి, మళ్లీ దిగుతుంది. ఆ ఎక్కిన ఎత్తు, దిగిన ఎత్తు రెండూ కలపాలి. బోర్డు నేల నుండి 1.25 మీటర్ల ఎత్తులో, పైపు దారి 2.75 మీటర్ల ఎత్తులో ఉంటే ప్రతి బోర్డు దగ్గర దిగడానికి 1.5 మీటర్లు, ఎక్కడానికి మరో 1.5 మీటర్లు పడుతుంది.

దారి కొలిచాక అందులో ఎన్ని వైర్లు నడుస్తాయో చూసి గుణించాలి. మెయిన్ పెట్టె నుండి స్విచ్చి బోర్డు వరకు మూడు: ఎర్ర ఫేజు, నల్ల న్యూట్రల్, పచ్చ ఎర్త్. బోర్డు నుండి లైటు వరకు రెండు: స్విచ్చి నుండి పోయే ఫేజు, న్యూట్రల్. ఫ్యానుకు, ఇనుప ఒళ్లున్న లైటుకు పచ్చ వైరు కూడా కలిపి మూడు. బోర్డు మీదే ఉన్న చిన్న ప్లగ్గుకు వేరే దారి అక్కరలేదు.

మన హాలునే చూద్దాం. మెయిన్ పెట్టె నుండి హాలు బోర్డుకు 6.5 మీటర్లు. బోర్డు నుండి నడిమి ఫ్యానుకు 5.5, దగ్గరి లైటుకు 3.5, ఎదుటి గోడ లైటుకు 9.5 మీటర్లు. మూడూ కలిపితే 18.5. ఎర్ర వైరు 6.5, 18.5 కలిపి 25 మీటర్లు. నల్ల వైరు కూడా అంతే, 25. పచ్చ వైరు బోర్డు దాకా 6.5, అక్కడి నుండి ఫ్యానుకు 5.5, మొత్తం 12 మీటర్లు. పదమూడడుగుల చదరపు గది ఒక్కదానికే 62 మీటర్ల వైరు పట్టింది. కొలవకుండా ఎవరైనా ఇంత అనుకుంటారా?

ఇదే పద్ధతిలో మిగతా గదులు కొలిస్తే ఎర్ర వైరు వరండాకు, బయటి లైటుకు కలిపి 20.5 మీటర్లు, పడకగదికి 18.5, వంటగదికి 11, స్నానాల గదికి, మరుగుదొడ్డికి కలిపి 18 అనుకుందాం. హాలుతో కలిపి 93 మీటర్లు. బోర్డుల్లో మడత పెట్టడానికి, కొసలు కత్తిరించడానికి 10 శాతం కలిపితే సుమారు 102. నల్ల వైరు కూడా 102. పచ్చ వైరు అన్ని గదులకు కలిపి 49.5, పది శాతంతో సుమారు 55 మీటర్లు.

వైరు చుట్ట సాధారణంగా 90 మీటర్లు ఉంటుంది. ఎర్ర, నల్ల వైర్లు కలిపి 204 మీటర్లు గనుక మూడు చుట్టలు చాలునని పైపైన అనిపిస్తుంది. కాని రంగు రంగుకూ వేరుగా చూస్తే ఎర్రదానికి ఒక చుట్ట మీద 12 మీటర్లు, నల్లదానికి ఒక చుట్ట మీద 12 మీటర్లు కావాలి. మూడు చుట్టలు తెస్తే ఒక రంగు మిగులుతుంది, మరొక రంగు తక్కువ పడుతుంది. అప్పుడే పనివాడు ఎర్ర వైరును న్యూట్రల్‌కు వాడతాడు. పదేళ్ల తరువాత ఆ బోర్డు విప్పిన మరొకడు దానిని ఫేజు అనుకుంటాడు. గనుక ఏ రంగుకు ఆ రంగు లెక్క వేరుగా కట్టి, ఒక్కో చుట్ట తీసుకుని, తక్కువైన కొద్ది మీటర్లు అదే రకంలో విడిగా కొలిపించుకోండి.

పవర్ దారులకు, వంటగది ప్లగ్గు, ఫ్రిజ్జు వరకు 16 మీటర్లు, మోటారు వరకు 18 మీటర్లు. కలిపి 34. పది శాతంతో సుమారు 38. అంటే 2.5 వైరు ఎర్రది 38, నల్లది 38, పచ్చది 38 మీటర్లు. మీటరు నుండి మెయిన్ పెట్టె వరకు 6 మీటర్లయితే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు రెండు రంగులూ చెరి ఏడు మీటర్లు.

పైపులు, పెట్టెలు, స్విచ్చిలు

పైపు దారి అంతా కలిపి 120 మీటర్లు అనుకుంటే, పది శాతంతో 132. పైపు ఒకటి 3 మీటర్లు గనుక 44 పైపులు. మలుపుకు ఒక బెండు, చీలిన చోట ఒక జంక్షన్ పెట్టె చొప్పున నమూనా మీదే లెక్కపెట్టుకోండి. 20 మిల్లీమీటర్ల పైపులో అయిదారు వైర్లకు మించి కుక్కితే వేడి బయటికి పోదు, రేపు ఒక వైరు మార్చాలన్నా రాదు. బోర్డు మీదికి ఎక్కువ వైర్లు దిగే చోట 25 మిల్లీమీటర్ల పైపు వేయించండి.

స్విచ్చిలు లైట్లకు 8, ఫ్యాన్లకు 3, చిన్న ప్లగ్గులకు 4, మొత్తం 15. చిన్న ప్లగ్గులు 4, రెగ్యులేటర్లు 3, పవర్ ప్లగ్గు స్విచ్చితో సహా 3. ఎంసీబీలు లైట్ల దారులకు 6 ఆంపియర్లవి రెండు, పవర్ దారులకు 16 ఆంపియర్లవి రెండు. మెయిన్‌కు ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి తెంపే 32 ఆంపియర్ల స్విచ్చి ఒకటి. దానితోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి.

ఈ చివరిది ఏమిటని చాలామంది అడుగుతారు. ఎంసీబీ ఉంది కదా, షాకు కొట్టదనుకుంటారు. అది నిజం కాదు. ఎంసీబీ కాపాడేది వైరును. దారిలో బరువు మించినప్పుడు, వైర్లు కలిసిపోయినప్పుడు అది పడిపోతుంది. మనిషి ప్రాణం తీయడానికి అంత కరెంటు అవసరం లేదు. ఒక ఆంపియరులో చిన్న భాగం ఒంట్లో పారినా ప్రమాదమే, 6 ఆంపియర్ల ఎంసీబీకి అది తెలియనైనా తెలియదు. ఆర్‌సీసీబీ చేసే పని వేరు. ఫేజులో పోయిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని చూస్తూ ఉంటుంది. లెక్క తేడా వచ్చిందంటే కరెంటు ఎక్కడో మనిషి ఒంటిగుండానో, ఇనుప పెట్టెగుండానో నేలలోకి పోతున్నదన్నమాట. వెంటనే తెంపేస్తుంది. దానిమీద ఒక పరీక్ష బొత్తాము ఉంటుంది. నెలకు ఒకసారి నొక్కి చూడాలి. నొక్కగానే పడిపోతే అది పని చేస్తున్నట్టు.

మన నేలకు తగిన ఎర్త్

పచ్చ వైరు ఎంత మంచిదైనా దాని కొస భూమిలో సరిగా దిగకపోతే ఫలితం లేదు. నల్లమల అంచున ఉన్న కొమరోలు, గిద్దలూరు, రాచర్ల, బెస్తవారిపేట పల్లెల్లో నేల రాతి నేల. వేసవిలో తడి అనేది ఉండదు. పొడి నేల కరెంటును సులువుగా తీసుకోదు. అందుచేత మన దగ్గర ఎర్త్ గుంతకు ఎక్కువ శ్రద్ధ కావాలి.

సుమారు 2.5 మీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల జీఐ పైపును గుంతలో నిలిపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, పైన నీళ్లు పోయడానికి గరాటు పెడతారు. గుంతను గోడకు కనీసం మీటరున్నర దూరంలో, వీలైతే స్నానాల గది నీళ్లు పారే జలదారి దగ్గర తవ్వించండి. మార్చి నుండి జూన్ వరకు వారానికి రెండుసార్లు ఒక బిందె నీళ్లు పోయండి. గుంత నుండి మెయిన్ పెట్టె వరకు ఎంత దూరమో కొలిచి, 8వ గేజి జీఐ తీగ అంత పొడవు చీటీలో రాసుకోండి. రాయి అడ్డుపడి పైపు పూర్తిగా దిగకపోతే, కోసేసి ఊరుకోకుండా చోటు మార్చమని చెప్పండి.

కొందరు మట్టి తడిగా ఉన్నచోట ఒక ఇనుప చువ్వ గుచ్చి, న్యూట్రల్‌కు బదులు దానికి వైరు కలిపి లైటు వెలిగిస్తారు. ఇది ప్రాణాంతకమైన పని. ఆ చువ్వ దగ్గరికి వెళ్లిన పశువుకూ, పిల్లవానికీ ప్రమాదమే.

ఇంటిని బట్టి మార్పులు

రాతి గోడలు, మట్టి గోడలు ఉన్న పాత మిద్దెల్లో పైపు కోసం గాడి కొడితే గోడే కదులుతుంది. అలాంటి ఇళ్లకు గోడ పైన బిగించే ప్లాస్టిక్ కేసింగు మేలు. దానికి కూడా పైపు లాగానే దారి కొలుచుకోవాలి. రేకుల ఇంట్లో మరింత జాగ్రత్త కావాలి. రేకు కింద ఎండ వేడికి వైరు తొడుగు తొందరగా గట్టిపడి పగులుతుంది. రేకు అంచు వైరును కోస్తే కప్పు మొత్తానికి కరెంటు పారుతుంది. గనుక రేకుకు ఆనకుండా పైపులోనే వైరు నడపాలి. బట్టలు ఆరేసే దండెం ఇనుప తీగ అయితే దానిని సర్వీసు వైరు పోయే దారికి, రేకుల కప్పుకు, మీటరు కొయ్యకు దూరంగా కట్టండి. నైలాను తాడు వాడితే ఇంకా మంచిది.

క్రిస్మస్ నెలలో మిద్దె మీద నక్షత్రం, రంగు దీపాల తోరణాలు పెట్టే కుటుంబాలు, ఇంట్లో కూడికలు జరిపి మైకు సెట్టు తగిలించే కుటుంబాలు అందుకు ఒక ప్లగ్గును వరండా బోర్డు మీద ముందే లెక్కలో చేర్చుకోవాలి. హోల్డరులో నుండి వైరు లాగి, అతుకు వేసి, టేపు చుట్టి మంచులో వదిలేసే అలవాటు దానితో పోతుంది.

కొనేటప్పుడు, పని ఒప్పుకునేటప్పుడు

చీటీ తయారైన తరువాత రెండు మూడు దుకాణాల్లో ధర అడిగి పక్కనే రాసుకోండి. వైరు మీద ఐఎస్ఐ గుర్తు, కంపెనీ పేరు, వైరు లావు అచ్చు వేసి ఉంటాయి. విడిగా మీటర్ల లెక్కన కొన్నా ఆ అచ్చు చూసే తీసుకోండి. బిల్లు అడిగి తీసుకోండి. చుట్ట సీలు విప్పకుండా ఉంటే, మిగిలింది తిరిగి తీసుకుంటారా అని కూడా ముందే అడగండి.

పని మాత్రం లైసెన్సు, అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. ఈ వ్యాసం లెక్క వేసుకోవడానికే గాని, చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకోవడానికి కాదు. కూలి సాధారణంగా పాయింటు లెక్కన మాట్లాడుకుంటారు. పవర్ ప్లగ్గును ఒక పాయింటుగా లెక్కిస్తారా, రెండుగానా? గోడ చీల్చడం, తిరిగి పూయడం ఎవరి పని? ఎర్త్ గుంత తవ్వడం కూలిలో కలిసిందా? ఇవి ముందే తేల్చుకుంటే చివర మాట పట్టింపు రాదు. పని అయ్యాక ప్రతి ప్లగ్గులో ఎర్త్ అందుతున్నదో లేదో మీ ఎదుటే పరీక్షించమనండి. ఆ తరువాతే మిగతా డబ్బు ఇవ్వండి.

డబ్బు చాలకపోతే

లెక్క మొత్తం చూశాక గుండె గుభేలుమనవచ్చు. వర్షాధారపు పొలం, కూలి డబ్బు మీద నడిచే ఇళ్లకు ఇది చిన్న ఖర్చు కాదు. అలాంటప్పుడు పనిని రెండు భాగాలు చేసుకోండి. మొదటి విడతలో ఎర్త్ గుంత, మెయిన్ పెట్టె, ఆర్‌సీసీబీ, మీటరు నుండి వచ్చే 4 వైరు, ఫ్రిజ్జు, వంటగది, మోటారు దారులు. నీళ్లు, ఇనుము, కరెంటు ఒకచోట కలిసేది అక్కడే. రెండవ విడతలో హాలు, పడకగది, వరండా. పంట చేతికొచ్చాక మిగతా పని చేయించుకోవచ్చు. అంతవరకు పాత దారుల్లో ఫ్యూజుకు లావు తీగ చుట్టకుండా ఉంటే చాలు.

తగ్గించుకోవలసినవి కూడా ఉన్నాయి. ఖరీదైన స్విచ్చి పలకలు, అలంకారపు దీపాలు, హాలులో రెండవ లైటు, ఇవి ఏడాది ఆగవచ్చు. వైరు లావు, పచ్చ వైరు, ఆర్‌సీసీబీ మాత్రం ఆగడానికి వీల్లేదు. మీ చీటీలో ఆ మూడింటినీ అన్నిటికన్నా పైన రాయండి. కోత పెట్టవలసి వస్తే చీటీ కింది నుండి పైకి కొట్టుకుంటూ రండి.

ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాల తరువాత ఒక కాగితం, ఒక టేపు తీసుకుని ఇంట్లో పిల్లలతో కలిసి కొలవడం మొదలుపెట్టండి. ఫ్రిజ్జు వెనుకకు వెళ్లే ప్లగ్గులో మూడవ పిన్నుకు పచ్చ వైరు ఉందో లేదో ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజున ముందుగా అదే చూపించమనండి.